రూపమొకటే, ముద్రలు రెండు

రెండు పేర్లు ఒకటేనా అని తేల్చడానికి మొబైల్ యాప్‌లు కొన్నిసార్లు వాటి హ్యాష్‌లను పోల్చి చూస్తాయి. హ్యాష్ అనగా పదానికి వేలిముద్ర వంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 విధానంలో మాటకైనా, మహాగ్రంథానికైనా ముద్ర 256 బిట్లే. మూలంలో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది.

అయితే యంత్రం గణించేది అక్షరాకృతిని కాదు, దాని వెనుకనున్న సంకేతాలను. యూనికోడ్‌లో ఉర్దూ అలిఫ్ మద్దాను ఒకే సంకేతంగానూ, అలిఫ్, మద్దా అనే రెండుగానూ వ్రాయవచ్చు. తెలుగు ఐత్వానికీ ఈ ద్వంద్వరూపం గలదు. కంటికి ఒకటైన పేరు యంత్రానికి రెండవుతుంది. తన పేరు తానే వ్రాసిన విద్యార్థి పరాయివాడవుతాడు.

ముద్ర వేయుటకు ముందే పదాన్ని ‘ఎన్‌ఎఫ్‌సి’ అనే ఏకరూపానికి తేవడం యాప్ నిర్మాతల కర్తవ్యమని మేము భావిస్తున్నాము. రెండు లిపులూ నేర్చిన మన విద్యార్థులే ఇందుకు నాంది పలకాలి.