తెలియదని చెప్పే విశ్వాసం

2021 మే నెలలో, కోవిడ్ రెండవ విడతలో, మా తమ్ముడు పోయాడు. నర్సీపట్నం నుండి విశాఖకు తీసుకువెళ్ళాము. ప్రాణాలతో తిరిగి తెచ్చుకోలేకపోయాము. వాడి కూతురికప్పుడు ఏడేళ్ళు. నాలుగవనాడు నా పక్కన చేరి, “పెదనాన్నా, మనమందరమూ ప్రార్థన చేశాము కదా, దేవుడు వినలేదా?” అని అడిగింది.

అప్పటికే మా ఇంటికి సమాధానాలు చాలా వచ్చి ఉన్నాయి. రాలేనివారు ఫోనులో చెప్పారు. మంచివారినే దేవుడు ముందు పిలుచుకుంటాడన్నారొకరు. ఇది మీ విశ్వాసానికి పరీక్ష అన్నారింకొకరు. ప్రార్థనలో లోపమేమైనా ఉన్నదేమో చూసుకోమన్నవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పదేళ్ళు సండేస్కూలు పాఠాలు చెప్పినవాడిని. పరుల ఇళ్ళలో దుఃఖం కలిగినప్పుడు ఆ మాటలనే నేనూ పంచిపెట్టాను. అవి ఎంత బరువైనవో నా గడప దాటి వచ్చినప్పుడు గాని తెలియలేదు. పరీక్షే అయితే అది ఎవరికి? ఆ ఏడేళ్ళ పిల్లకా?

ఆమెతో “నాకు తెలియదమ్మా” అన్నాను. అలా అన్నందుకు చాలాకాలం సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడడం లేదు. ఎందుకో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

యోబు గ్రంథాన్ని మనం ఓర్పుకు పాఠంగా చెప్పుకుంటాము. నిజానికి అందులో ఓర్పు కంటె వాదనే ఎక్కువ. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాటలాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మంచిపని అదొక్కటే. తరువాత నోరు విప్పి కష్టానికి కారణాలు చెప్పసాగారు. చివరకు దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడినప్పుడు ‘ఎందుకు’ అన్నదానికి జవాబివ్వలేదు. తానే ప్రశ్నలు వేశాడు. అయినా, తన్ను గూర్చి సరిగా పలికినవాడు నిలదీసిన యోబేనన్నాడు గాని, కారణాలు చెప్పిన స్నేహితులనలేదు.

మన తెలుగునాట ఒంగోలు కథ చూడండి. 1836లో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు ఎన్నేళ్ళయినా ఫలితం కానరాలేదు. దానిని మూసివేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించారు. 1854 జనవరి 1 వేకువన జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రసంగాలలో ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి లెక్క తేల్చేస్తారు. నడుమనున్న ఇరవైనాలుగేళ్ళు జారిపోతాయి. ఒంగోలుకు క్లౌ దొర వచ్చిందే 1866లో. ఆపైన 1876–78 నాటి మహాకరువు. బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగం తవ్వకం ఒప్పుకుని ఆయన ఆకలిగొన్నవారికి పని చూపించాడు. తిండికోసం మతం పుచ్చుకుంటారేమోనని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివుంచాడు. ఆ కరువులో బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు 2,222 అన్న అంకె సమాధానమౌతుందా? కాదనే నా అభిప్రాయం. నా మట్టుకు నాకు, ఆ కథలో విశ్వాసం ఉన్నది 1878 నాటి ఏటి ఒడ్డున కాదు, 1854 నాటి కొండమీద. కొండ దిగేటప్పుడు వారి చేతిలో ఏ జవాబూ లేదు.

తెలియదనడం అవిశ్వాసం కాదా అని మిత్రులు కొందరు అడిగారు. కారణం చెప్పలేను అనడం వేరు, నమ్మను అనడం వేరు. కారణానికి తగిలించిన నమ్మకం ఆ కారణంతోపాటే కూలిపోతుంది.

ఆ పిల్ల ఇప్పుడు ఎదిగింది. ఆదివారం మా వెంటే మందిరానికి వస్తుంది. కిందటి క్రిస్మసుకు మళ్ళీ అదే ప్రశ్న వేసింది. నా జవాబూ మారలేదు. “మరి నువ్వెందుకు వస్తున్నావు పెదనాన్నా?” అంది.

“అడగడానికి నాకు మరెవరున్నారమ్మా?” అన్నాను.

ఆమెకది చాలిందో లేదో నాకు తెలియదు. మీ ఇళ్ళలో పిల్లలు ఇలా అడిగినప్పుడు మీరేమన్నారో చెబితే సంతోషిస్తాను.