ఎర్ర లైటు ముందు నాకే కనపడింది

టీవీ బల్ల రోజూ తుడిచేది నేను. ఆ బల్ల కింది అరలో ఉన్న నల్ల డబ్బా మీద దుమ్ము దులిపేదీ నేనే. దాని మీద పచ్చగా వెలగాల్సిన రెండు చిన్న లైట్లలో ఒకటి ఎర్రగా మారిందని 2024 శ్రావణమాసంలో మొదట చూసిందీ నేనే. ఆ రోజే మా ఆయన్ని అడిగాను.

"ఏందండీ, దీనికి ఎర్ర లైటు వస్తుంది?"

"అది అట్లనే ఉంటది తియ్. నీకు తెల్వదు, దాన్ని ముట్టకు."

ఈ "నీకు తెల్వదు" అన్న మాటకు మా ఇల్లు తొమ్మిది నెలల జ్ఞాపకాలను మూల్యంగా కట్టింది. అందుకే ఈసారి వంట గురించో పిల్లల చదువుల గురించో కాకుండా, కాస్త కోపంగానే ఈ డబ్బా గురించి రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తాను. దాన్ని నాస్ అంటారు. రెండు పెద్ద హార్డ్ డిస్కులు పెట్టి వైఫైకి కలిపే పెట్టె. ఇంట్లో అందరి ఫోన్లలో ఉన్న ఫోటోలూ వీడియోలూ అందులోకి పోతాయి. మా ఆయన 2019లో కొన్నారు. పిల్లలు పుట్టినప్పటి ఫోటోలు, పొలం పాసుబుక్కు స్కాన్లు, చదువుల సర్టిఫికెట్లు, అన్నీ అందులోనే. "రెండు డిస్కులున్నయ్, ఒకటి పోయినా ఇంకోటి ఉంటది, ఇగ భయం లేదు" అని చుట్టాలందరికీ చూపించారు. నేనూ నమ్మాను.

ఆ డిస్కుల్లో ఒకటి శ్రావణంలోనే పని మానేసింది. డబ్బా ఎర్ర లైటు వెలిగించి చెప్పింది, కుయ్ కుయ్‌మని కూసి మరీ చెప్పింది. నిద్ర చెడుతోందని ఆ కూతను ఆపేశారు. అప్పటి నుంచి తొమ్మిది నెలలు అది ఒంటికాలి మీద నడిచింది. 2025 మే నెలలో జనగామలో గాలివాన వచ్చి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. తెల్లారేసరికి రెండో డిస్కు లోపల టక్ టక్‌మని చప్పుడు మొదలైంది.

ఆ తర్వాత చేసినవన్నీ తప్పులే. ఆపి మళ్ళీ వేశారు, ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు. ఆ చప్పుడు వస్తోందంటే లోపల చదివే ముల్లు దెబ్బతిన్నదని అర్థమట. మళ్ళీ మళ్ళీ తిప్పితే అది పళ్లెం మీద గీతలు పెడుతుంది. గీసుకుపోయిన చోట ఉన్నది మరి రాదు. తర్వాత డిస్కు ఊడదీసి లాప్‌టాప్‌కు తగిలించారు. "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. వేలు సరే అన్న దాని మీదికి పోతుంటే మా బిడ్డ "నాన్నా, ఆగు!" అని అరిచింది. ఇలాంటి పెట్టెలు లోపల లైనక్స్ పద్ధతిలో రాసుకుంటాయి. విండోస్‌కు ఆ రాత చదవరాదు. చదవరాక ఖాళీ అనుకుని, తుడిచేయమంటావా అని అడుగుతుంది. పదో తరగతి పిల్లకు ఈ సంగతి తెలుసు. కానీ ఆ పిల్లను కూడా అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

చివరికి రెండు డిస్కులూ బట్టలో చుట్టి సికింద్రాబాద్‌లో డేటా తీసే ఒక షాపుకు తీసుకుపోయాం. వారం తర్వాత అతను చెప్పిన మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రావణంలో చచ్చిందనుకున్న మొదటి డిస్కు పూర్తిగా చావలేదు. కొన్ని చోట్ల మాత్రమే పాడైంది. అసలు డిస్కును ఇంకా ఇబ్బంది పెట్టకుండా, ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి నకలు తీసి, ఆ నకలులోంచి ఫైళ్లన్నీ తీశాడు. కానీ అది 2024 శ్రావణం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతవన్నీ రెండో డిస్కులోనే ఉన్నాయి. ఆ పళ్లెం మీద గీతలు పడ్డాయి. ఏమీ రాలేదు.

అవి ఏ తొమ్మిది నెలలో చెప్తాను. ఆ దసరాకు మా అత్తమ్మ ఆఖరి బతుకమ్మ పేర్చింది. తంగేడు, గునుగు ముందేసుకుని కూచుని, తన పుట్టింటి ఊళ్ళో పాడే పాట మొత్తం పాడింది. మా దగ్గర ఇంకెవరికీ ఆ పాట రాదు. నేను ముందు కూచుని మొత్తం వీడియో తీశాను. ఫోన్ నిండిపోతే "డబ్బాలో ఉంది కదా" అని ఫోన్లోంచి తీసేశాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి అత్తమ్మ పోయింది.

ఇప్పుడు చెప్పండి, ఆ ఎర్ర లైటు చిన్న విషయమా?

కొందరంటారు, ఫోటోలు పోతే ఏం పోయింది, మన తాతలకు ఏ ఫోటోలున్నాయి, వాళ్ళు బతకలేదా అని. బతికారు. కానీ వాళ్ళు పాటను పాడి పాడి పది మంది నోళ్లలో పెట్టి పోయారు. మనం నోట్లోంచి తీసి డబ్బాలో పెట్టాం. అక్కడ పెట్టినప్పుడు దాన్ని కాపాడే బాధ్యత కూడా తీసుకోవాలి కదా.

ఇంకొందరు, ఇంకా మంచి డబ్బా కొనాల్సింది అంటారు. నాలుగు డిస్కులది కొన్నా జరిగేది ఇదే. ఇది మగవాళ్ళకన్నా మనకే తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం. ఎందుకంటే మనం తొక్కు పెడతాం. రెండు జాడీల్లో మామిడికాయ తొక్కు పెట్టి, పక్కపక్కన ఒకే అటక మీద పెట్టి, రోజూ ఒకే తడి గంటె రెండింట్లోనూ ముంచితే ఏమవుతుంది? రెండూ ఒకేసారి బూజు పడతాయి. ఈ డబ్బాలో రెండు డిస్కులంటే అంతే. ఒకదాంట్లో రాసింది అదే క్షణంలో రెండోదాంట్లో రాస్తుంది, ఒకదాంట్లో తుడిస్తే రెండోదాంట్లోనూ తుడుస్తుంది. పిడుగు పడితే రెండింటికీ ఒకే పిడుగు. దొంగ వస్తే రెండూ ఒకే సంచిలో పోతాయి. ఒక డిస్కు ఆగిపోతే పని ఆగకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. దాన్ని వేరే కాపీ అనుకోవడమే మా ఇంటి మొదటి తప్పు.

మా అమ్మ ఏం చేస్తుంది? పెద్ద జాడి మూతి గుడ్డతో కట్టి లోపల పెడుతుంది. రోజువారీకి చిన్న సీసాలో తీస్తుంది. ఒక డబ్బా మా ఇంటికి పంపుతుంది. ఒకచోట చెడినా ఇంకోచోట ఉంటుంది. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ దీన్నే 3-2-1 అని సూత్రంగా చెప్పాడు. మూడు కాపీలు, రెండు రకాల వాటిలో, ఒకటి ఇంటి బయట. మా అమ్మకు ఆయనెవరో తెలియదు, పద్ధతి మాత్రం తెలుసు.

ఇంటి బయట అంటే పక్క గది కాదు, పక్క వీధి కూడా కాదు. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాగు నీళ్ళలో మునిగితే జనం మిద్దెలెక్కారు. 2024 సెప్టెంబర్ 1న మానుకోట దగ్గర కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. అంత నీళ్ళొస్తే పక్కింట్లో పెట్టిన కాపీ కూడా మనతోపాటే మునుగుతుంది.

గూగుల్లో ఉంటాయి కదా అనే వాళ్ళకు ఒక మాట. 2021 జూన్ 1 నుంచి అక్కడ కొత్తగా చేరే ఫోటోలు కూడా ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తాయి. నిండితే కొత్తవి పోవు, మనం చూసుకోం. పైగా ఫోన్లో ఆ యాప్‌లోంచి తీసేస్తే అక్కడా పోతాయి. అరవై రోజులు చెత్తబుట్టలో ఉండి తర్వాత పూర్తిగా పోతాయి. అదీ ఒక జాడి, అంతే.

మా బిడ్డ చెప్పిన ఒక సంగతి నాకు భలే నచ్చింది. టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తుండగా, 1998లో పిక్సార్ కంపెనీలో ఎవరో పొరపాటున ఒక ఆదేశం ఇచ్చి సినిమా ఫైళ్లు చెరిపేశారు. అంత పెద్ద కంపెనీ, దాచిన కాపీలు తీసి చూస్తే అవి సరిగ్గా పనిచేయలేదు. అప్పుడు సినిమాను కాపాడింది గేలిన్ సస్మన్ అనే ఆవిడ ఇంట్లో ఉన్న కంప్యూటర్. పసిబిడ్డ తల్లి కాబట్టి ఇంటి నుంచి పని చేసుకోవడానికి ఒక కాపీ తెచ్చుకుంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తీసుకుపోయారట. కంపెనీ వాళ్లు తమ కాపీలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోలేదు. మేమూ మా ఎర్ర లైటును చూసుకోలేదు.

మా కథలోనూ మిగిలింది ఆడవాళ్ళ ఫోన్లలోనే. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్‌లో ఉండే మా ఆడబిడ్డ ఆ దసరాకు వచ్చినప్పుడు పక్క నుంచి నలభై సెకన్ల వీడియో తీసింది. వాట్సాప్‌లో వాళ్ళ తోటికోడలికి పంపింది. తన ఫోన్ పగిలింది కానీ తోటికోడలి ఫోన్లో అది ఉంది. బొమ్మ మసక, మధ్యలో కుక్కర్ విజిల్. అయినా అత్తమ్మ గొంతు ఉంది. మా ఆయన దాన్ని చూస్తూ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి "నువ్వు చెప్పిన్నాడే చూడాల్సింది" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు ఆయన నన్నే కాదు, ఎర్ర లైటును కూడా పట్టించుకోలేదు. నా కోపం ఈ పంపకం మీద. ఇంట్లో ఫోటో తీసేది మనం, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తుపెట్టుకునేది మనం. పాస్‌వర్డ్ మాత్రం ఆయనకే తెలుసు, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. బీరువా తాళం నడుముకు కట్టుకున్న అత్తమ్మల కోడళ్లం మనం, ఈ తాళం మాత్రం అడగం. "మాకెందుకులే అవన్నీ" అని మనమూ అంటాం కదా. నేనూ ఐదేళ్లు అన్నాను. నా వాటా తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు మారింది. జనగామలో కొత్త డబ్బా ఉంది, ఇన్వర్టర్‌కు కలిపి. పాస్‌వర్డ్ నా వంటల నోట్‌బుక్కులో, నాకు మాత్రమే అర్థమయ్యే పేజీలో ఉంది. మానుకోటలో మా అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య ఒక హార్డ్ డిస్కు. దసరాకూ సంక్రాంతికీ పుట్టింటికి పోయినప్పుడు కొత్తది పెట్టి పాతది తెస్తాను. భూపాలపల్లిలో ఆడబిడ్డ దగ్గర ఇంకొకటి, ముఖ్యమైనవి మాత్రమే, పెన్‌డ్రైవ్‌లో. "వదినా, నాకు బ్యాంకు లాకర్ లెక్క అప్పజెప్పినవ్" అని నవ్వుతుంది. నెలకోసారి ఏదో ఒక పాత వీడియో తెరిచి చూస్తాను, నిజంగా తెరుచుకుంటుందా లేదా అని. తొక్కు రుచి చూడకుండా జాడి బాగుందని ఎవరంటారు?

మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే ఈ సాయంత్రమే లైట్లు చూడండి. ఎర్రగానో నారింజగానో ఉంటే అడగండి. టక్ టక్ చప్పుడు వస్తే ప్లగ్గు తీసేయండి, మళ్ళీ వేయనివ్వకండి. ఏ డిస్కు ఏ అరలోదో చిట్టీ అంటించండి. ఫార్మాట్ అని ఏది అడిగినా వద్దనండి. "నీకు తెల్వదు" అంటే కూచుని నేర్పమనండి. నేర్పకపోతే పదో తరగతి చదివే బిడ్డను అడగండి.

మీ దగ్గర ఎవరి గొంతు ఒక్క ఫోన్లోనే ఉండిపోయింది? ముందు దాన్ని ఇంకో ఇద్దరికి పంపి, తర్వాత నాకు రాయండి.