ఆడబాపలది ఏ సంబంధం?

మొన్న లంచ్‌లో లివిన్ రిలేషన్స్ మీద చర్చ నడిచింది. "మన కల్చర్ కాదు, అంతా వెస్ట్ నుంచి దిగుమతే" అన్నాడు మా టీం లీడ్. నాకు మా నల్లగొండ గడీలు గుర్తొచ్చాయి. పెళ్లి లేకుండా ఉంచుకోవడం మన దొరలకి కొత్తా? :)

ఆడబాప అన్న మాట మీలో ఎంతమంది విన్నారో. దొర కూతురు అత్తారింటికి వెళ్తుంటే సామానుతో పాటు ఓ పేదింటి పిల్లని పంపేవారు. పగలు చాకిరీ, రాత్రి దొర దగ్గరికి. కాదనే వీల్లేదు. దొరల అకృత్యాలన్నిట్లోకీ ఘోరమైనది ఇదేనని పుచ్చలపల్లి సుందరయ్య గారు సాయుధ పోరాటం మీద 1972లో తెచ్చిన పుస్తకంలో రాశారు.

మా నాయనమ్మ మాత్రం ఆ మాట వాడేది కాదు. ఊళ్ళో ఒక ముసలామె గురించి అడిగితే "దొరసానితోని వచ్చింది బిడ్డా" అని ఊరుకునేది. ఆమె రాలేదు, తెచ్చారు అన్న సంగతి నాకు ఇంజనీరింగ్ అయ్యాక గానీ తట్టలేదు.

జర్మనీలో ఆగ్నెస్ బెర్నావర్ అని ఒక మామూలింటి అమ్మాయి. బవేరియా డ్యూక్ కొడుకు ఆమెతో కాపురం పెడితే, ఆ డ్యూక్ 1435లో ఆమెను డాన్యూబ్ నదిలో ముంచి చంపించాడు. తర్వాత ఆయనే ఆమె పేరున చిన్న గుడి కట్టించాడు! ఆమె మీద నాటకాలూ వచ్చాయి. మన ఆడబాపలకి పేర్లు కూడా మిగల్లేదు.

సరే, అదంతా పాతకథ అంటారా? 2005 గృహహింస చట్టం "పెళ్లి లాంటి సంబంధం"లో ఉన్న ఆడవాళ్ళకీ రక్షణ ఇచ్చింది. 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఒకామెని డబ్బిచ్చి పోషిస్తూ ముఖ్యంగా పడకకో, పనిమనిషిగానో వాడుకుంటే అది పెళ్లి లాంటి సంబంధం కాదంది. "కీప్" అన్న మాటే వాడింది. ఇందిరా జైసింగ్ అభ్యంతరం చెప్పారు కూడా. నేనంటాను, మాట సంగతి తర్వాత, ఆ లాజిక్ చూడండి. ఇఫ్ కండిషన్ తిరగేసి రాసినట్టు లేదూ? ఎంత ఎక్కువ వాడుకుంటే మగాడికి అంత తక్కువ బాధ్యత!

పిల్లల సంగతీ అంతే. చెల్లని పెళ్లికి పుట్టినవాళ్ళకి తండ్రి వాటాలో హక్కుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది, మంచిదే. అసలు పెళ్లే జరగకపోతే మాత్రం హిందూ వారసత్వ చట్టం ప్రకారం వాళ్ళు తల్లికే వారసులు. ఆడబాపకి ఏముందని వారసత్వం?

ఆ ముసలామె కొడుకుకి బళ్ళో తండ్రి పేరు దగ్గర గడీలో పాలేరు పేరు రాయించారట. మన ఆన్‌లైన్ ఫారాల్లో తండ్రి పేరు పక్కన ఎర్ర చుక్క పెడతాం కదా, నింపకపోతే ముందుకు పోనివ్వదు. కిందటి ప్రాజెక్టులో ఆ చుక్క పెట్టింది నేనే.