దోషము అండాశయముదేనా?

పదునేడేండ్ల బాలికకు నాలుగు మాసములుగా బహిష్టు కాలేదు. గడ్డముపై వెండ్రుకలు మొలచినవి. అల్ట్రాసౌండు పరీక్ష చీటీలో "తిత్తులు" అను మాట కనబడగానే ఇల్లంతయు దిగులు. ఒకరు ఆమె తిండిని నిందింతురు. ఒకరు చదువును నిందింతురు. "పెండ్లి చేసిన సర్దుకొనును" అని పెద్దలు తీర్పు చెప్పుదురు. మన దేశమున అనేక కుటుంబములలో జరుగుచున్నది ఇదియే. ఈ తీర్పులన్నియు మూలకారణము నెరుగక చేసినవి.

ఈ వ్యాధిని పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, సంక్షేపముగా పీసీఓఎస్, అందురు. 1935లో చికాగో వైద్యులైన స్టైన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీలలో దీనిని వర్ణించిరి. నాడు కంటికి కనబడినది ఉబ్బిన అండాశయము; కావున పేరు దానిని బట్టియే స్థిరపడినది. నిజమునకు అవి వ్యాధి తిత్తులు కావు. అండమును పెంచు పుటికలు ఎదుగుదల నడుమ ఆగిపోయి పోగుపడినవి. తొలి బహిష్టు అయిన ఎనిమిదేండ్లలోపు ఇట్టి పుటికలు సహజముగనే ఎక్కువగా నుండును. అందువలన ఆ వయస్సున అల్ట్రాసౌండును బట్టి ఈ వ్యాధిని నిర్ణయింపరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి.

మరి మూలమెక్కడ? ఒక్కచోట లేదు. ఈ వ్యాధి గల స్త్రీలలో చాలమందికి శరీరము ఇన్సులిన్ మాటను సరిగా వినదు. అంతట క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవింపజేయును. ఈ అధిక ఇన్సులిన్, మెదడునందలి పిట్యూటరీ గ్రంథి పంపు హార్మోనుతో కలిసి, అండాశయముచే పురుష హార్మోనులను అధికముగా తయారు చేయించును. వానిని కట్టియుంచు ప్రోటీనును కాలేయము తక్కువగా చేయునట్లును చేయును. ఫలితముగా అండము విడుదల కాదు, ఋతుక్రమము తప్పును, మొటిమలు, అవాంఛిత రోమములు కలుగును. ఈ స్వభావములో వంశపారంపర్యము పాలు పెద్దది. బరువు పెరిగినచో ఇది తీవ్రమగును. అయినను సన్నని స్త్రీలకును ఈ వ్యాధి రావచ్చును. దక్షిణాసియా ప్రజలలో తక్కువ బరువుననే ఇన్సులిన్ నిరోధము కనబడుచున్నది.

ఇది తెలిసిన పిమ్మట బాలికను దోషిగా నిలుపుట అన్యాయము; వివాహమును ఔషధముగా తలచుట అంతకంటె అన్యాయము. వివాహము ఇన్సులిన్‌ను సరిదిద్దదు. తెగులు వేరున నుండగా ఆకునకు మందు చల్లి ఊరకుండుటయు చాలదు. దీర్ఘకాలము బహిష్టు కానిచో గర్భాశయపు లోపొర దళసరియై, ముందు ముందు క్యాన్సరు భయమును పెంచును. మధుమేహము వచ్చు అవకాశమును హెచ్చు.

కావున మూడు మాసములు బహిష్టు తప్పినచో వైద్యుని సంప్రదింపవలెను. థైరాయిడ్ మున్నగు ఇతర కారణములు లేవని తేల్చుకొనవలెను. గ్లూకోజు త్రాగించి చేయు రక్తపరీక్షను చేయించుకొని, వైద్యుడు చెప్పిన గడువులలో మరల చేయించుకొనుచుండవలెను. అధిక బరువున్నవారు నూటికి ఐదుపాళ్ళు తగ్గినను అనేకులకు మేలు కనబడును. ఈ నియమములు ఒక్క బాలికకు విధించు శిక్ష కారాదు. ఇంటిల్లిపాది భోజనము, నడక మారినపుడే అవి నిలుచును. రక్తమున వచ్చిన స్వభావమునకు ఒక్కతెను బాధ్యురాలిని చేయక, ఆ రక్తమును పంచుకొన్న కుటుంబమంతయు ఆమె పక్షమున నిలుచుట న్యాయము.