లక్ష కట్ట, కనిపించని కోట్లు

బంగారు లక్ష్మణ్ పేరెత్తితే నా విద్యార్థులకు ఒకే దృశ్యం గుర్తొస్తుంది: 2001లో తెహల్కా రహస్య కెమెరా ముందు లక్ష రూపాయల కట్ట. భాజపాకు తొలి దళిత అధ్యక్షుడైన ఈ హైదరాబాదీ, అది పార్టీ నిధికేనన్నారు. 2012లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా తేల్చి నాలుగేళ్ల జైలుశిక్ష విధించింది. కులాన్ని అడ్డుపెట్టి ఆ తీర్పును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

నా ప్రశ్న వేరు. 2003లో అలాగే కెమెరాకు చిక్కిన కేంద్ర సహాయమంత్రి, జష్‌పూర్ రాజవంశీకుడు దిలీప్ సింగ్ జూదేవ్ 2009లో అదే పార్టీ టికెట్టుపై బిలాస్‌పూర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. లక్ష్మణ్ భార్యకు 2004లో టికెట్టు దక్కినా, ఆయన రాజకీయ జీవితం మాత్రం ఆ కట్ట దగ్గరే ఆగింది. పెత్తందారు చేస్తే వ్యక్తి తప్పు, దళితుడు చేస్తే జాతికే మచ్చ!

ఆ తర్వాత 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు దాతల పేర్లను చట్టబద్ధంగానే దాచాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసేదాకా వేల కోట్లు కెమెరా కంట పడకుండానే పార్టీలకు చేరాయి. భూమి, కాంట్రాక్టులు, పెట్టుబడి ఏ కులాల గుప్పిట్లో ఉన్నాయో పార్టీ నిధుల మూలాలూ అక్కడే ఉన్నాయి. రిజర్వుడు స్థానంలో గెలిచిన అభ్యర్థీ ఆ నిధికే రుణపడతాడు.

కట్ట అందుకున్న చేతికి శిక్ష పడాల్సిందే. ఖజానా తాళం ఎవరి మొలలో ఉందో కూడా అడగనిదే ఆ న్యాయం సగమే.