శిక్షకుడు వెడలుటచే క్లబ్బు చెడలేదు

ఫుట్‌బాల్ మాట వచ్చినచో కామారెడ్డిలోనైనను ఎల్లారెడ్డిలోనైనను నేటికిని వినవచ్చు తీర్పు ఒక్కటే: "మనోలో పోయిండు, టీం ఖతమైంది." హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బునకు మూడు సీజన్లు శిక్షకుడుగా నుండి, 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు కప్పును తెచ్చిపెట్టిన స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ 2023 వేసవిలో గోవా క్లబ్బునకు తరలిపోవుటయు, ఆ మరుసటి సీజనులోనే హైదరాబాదు జట్టు 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి 8 పాయింట్లతో పట్టికలో అట్టడుగున పడుటయు, ఆపై 2025లో క్లబ్బు ఊరును పేరును మార్చుకొని ఢిల్లీ చేరుటయు, ఈ మూడింటిని ఒకే త్రాట గ్రుచ్చి, మొదటిది కారణము, తక్కినవి కార్యములు అని చెప్పుట మనవారికి అభ్యాసమైపోయినది. ఈ తీర్పును నేనంగీకరింపజాలను. ఇది జరిగిన చరిత్రకు విరుద్ధము. అంతకు మించి, రేపు మరియొక క్లబ్బు మన నేలపై పుట్టినను దానిని సైతము ఇదే గతికి ఈడ్చుకొనిపోగల ప్రమాదకరమైన భ్రమ.

ఈ మాట అనువారి బాధను నేను చులుకన చేయను. ఆ నాళ్లలో ఎల్లారెడ్డి కుర్రవాడు హైదరాబాదు గచ్చిబౌలిలో ఒక ఆట చూడవలెనన్నచో పెందలకడ అన్నము ముగించుకొని ఆర్టీసీ బస్సెక్కి కామారెడ్డి చేరి, అచ్చటినుండి రైలులోనో, జాతీయ రహదారి మీది బస్సులోనో సుమారు 110 కిలోమీటర్లు సాగి, నగరములో మరి రెండు బండ్లు మారి, సంజవేళకు బాలయోగి క్రీడాప్రాంగణము ముంగిట నిలిచి, సంచిలో మడిచి తెచ్చుకొన్న పసుపుపచ్చ జెర్సీని అక్కడనే తొడుగుకొనవలసివచ్చెడిది. ఆట ముగియుసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటెడిది. జూబ్లీ బస్‌స్టేషను చేరి, దొరికిన నిజామాబాదు బస్సులో నిలుచుండి వచ్చి కామారెడ్డిలో దిగునప్పటికి ఊరంతయు నిద్రించుచుండెడిది. ఎల్లారెడ్డికి బస్సు తెల్లవారినగాని కదలెడిది కాదు. ఇంతటి శ్రమకోర్చి ఒక జట్టును తనదనుకొన్నవాడు దాని శిక్షకుడు వెడలిపోయెనని విన్ననాడు దిగులు చెందుట సహజము. ఒకనాడు "కొత్తాయన ఇంకా మంచిగ ఆడిస్తడేమో" అని ఆశపడుటయు, మరునాడు "ఈయనతోని కాదు" అని సందేహపడుటయు అభిమానము గలచోట తప్పనివి. ఆ దిగులును నేను గౌరవింతును. దానినుండి పుట్టించిన సిద్ధాంతమును మాత్రము ఖండింతును.

జరిగినదేమి? 2019లో పుట్టిన ఆ క్లబ్బు ఫిల్ బ్రౌన్ అను ఆంగ్ల శిక్షకునితో తొలి సీజను ఆరంభించి, నడుమనే ఆయనను తొలగించి, చివరి స్థానమున నిలిచినది. మనోలో వచ్చిన మొదటి యేడు ఐదవ స్థానము, రెండవ యేడు లీగులో ద్వితీయ స్థానమును కప్పును, మూడవ యేడు మరల ద్వితీయ స్థానము దక్కినవి. ఆయన ప్రతిభావంతుడు, ఇందు వివాదము లేదు. అయితే ఆయన వెడలిన సీజనులో ఆ భారము చివరకు ఎవరి తలపై పడినది? థాంగ్‌బోయ్ సింగ్తో అను మణిపురి శిక్షకునిపై. ఈయన మనోలో ప్రక్కనే సహాయకుడుగా పనిచేసి, ఆయన వ్యూహములను, సాధనపద్ధతులను, ఏ ఆటగాని బలమేమో బలహీనత యేమో దగ్గరనుండి ఎరిగినవాడు. శిక్షకుని విద్యయే జట్టునకు ప్రాణమైనచో, ఆ విద్య క్లబ్బును విడిచి పూర్తిగా పోలేదు గదా! పోయినది వేరొకటి. నెలల తరబడి జీతములు అందలేదని ఆటగాండ్రును సిబ్బందియు మొరపెట్టుకొనిరి. బాకీపడిన వేతనముల విషయమై ఫిఫా విధించిన నిషేధము వలన క్రొత్త ఆటగాండ్రను నమోదు చేసికొను హక్కు క్లబ్బునకు లేకపోయినది. ఆకాశ్ మిశ్రా అప్పటికే ముంబై చేరియుండెను; 2024 జనవరిలో చింగ్లెన్సనా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరు దారి పట్టిరి; విదేశీ ఆటగాండ్రును ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. మిగిలిన పసివారిని, రిజర్వు జట్టు కుర్రవాండ్రను కూర్చుకొని సింగ్తో ఆ సీజనును ఈడ్చుకొని వచ్చెను. ఆ స్థితిలో బరి ప్రక్కన మనోలో నిలిచియున్నను జీతము లేని కాలికి ఏ వ్యూహము బలమీయగలదు? ఇంటి అద్దె చెల్లింపలేని ఆటగానికి ఏ శిక్షకుని మాట చెవికెక్కును? క్లబ్బు చేతులు మారి జిందల్ సంస్థవారి అధీనమునకు వచ్చిన తరువాతి సీజనులో, 2024 డిసెంబరున, ఆ సింగ్తో శిక్షకునే తొలగించిరి. జట్టు పదమూడింటిలో పండ్రెండవ స్థానమున నిలిచినది. కష్టకాలమున విడువక నిలిచినవానికి దక్కిన బహుమానమది. మన అభిమానులలోను పలువురు ఆనాడు చప్పట్లు కొట్టిరి. నాకు మిక్కిలి బాధ కలిగించినది అదియే.

ఇంకను సందేహించువారికి కాలమే ఒక పరీక్షను ఏర్పరచి చూపినది. ఆ మనోలోయే గోవా పనితోబాటు భారత జట్టు శిక్షకత్వమును కూడ స్వీకరించి, 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు నిమిత్తము మరల గచ్చిబౌలికే వచ్చెను. ఆయనకు అది పరిచితమైన గడ్డి, పరిచితమైన గ్యాలరీ. మారిషస్‌తో ఆట గోలు లేక సమముగా ముగిసినది. సిరియా చేతిలో భారతము 0–3 తేడాతో ఓడినది. నవంబరులో అదే మైదానమున మలేషియాతో 1–1. మొత్తముమీద ఆయన నడపిన ఎనిమిది ఆటలలో భారతము గెలిచినది ఒక్కటే. 2025 జూలైలో ఆయన ఆ పదవిని విడిచెను. కాని అదే 2025 మే మాసమున గోవా క్లబ్బు ఆయన చేతిమీదుగానే సూపర్ కప్పు గెలిచినది. ఒకే మనిషి, ఒకే విద్య, ఒకే యేడు. ఒకచోట విజయము, మరియొకచోట పరాభవము. గోవా క్లబ్బునకు కుదురైన యాజమాన్యము, బాలుర జట్లు, తరతరములుగా ఆటను ప్రేమించు ఊళ్లు ఉన్నవి. శిక్షకుడు తన వెంట వీనిని మూటగట్టుకొని ఊరూర తిరుగజాలడు.

ఇచ్చట ప్రతిపక్షమువారు తమ బ్రహ్మాస్త్రమును తీయుదురు: రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాలలలో పాఠములు చెప్పుకొన్న ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950 నుండి సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆయన నాయకత్వమున ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన శిక్షణలోనే భారతము 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962లో జకార్తాలోను స్వర్ణము గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. ఊపిరితిత్తుల కాన్సరు దేహమును తినివేయుచుండగనే జకార్తాలో జట్టును నడపి, 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. ఆయనతోడనే హైదరాబాదు ఫుట్‌బాలును సమాధి యయ్యెనని పెద్దలు పలుకుదురు. ఆయన జీవితముపై 2024లో వచ్చిన హిందీ చలనచిత్రము 'మైదాన్' చూచిన పిన్నలు ఆ మాటనే మరింత గట్టిగా పలుకుచున్నారు.

నేను రహీం సాబ్‌ను తెలుగు నేల కన్న మహనీయులలో నొకనిగా భావింతును. ఆ భావనతోనే ఈ మాటను కాదనుచున్నాను. ఆయన కన్నుమూసిన 1963లోనే పోలీసు జట్టు మరల రోవర్స్ కప్పు గెలిచినది. రెండేండ్లకు, 1965లో, ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి సంతోష్ ట్రోఫీని చేపట్టినది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారతము కాంస్యము గెలిచిననాడు జట్టు నాయకుడు హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. గురువు మరణించిన ఏడేండ్లకును ఆయన నాటిన చెట్టు కాయలు కాచుచుండెనన్న మాట! ఏలయన ఆయన చేసినది పదునొకండుగురిని గెలిపించుట మాత్రమే కాదు. బాలురకు బంతిని కాళ్లలో నిలుపుకొనక వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో పోటీలు పెట్టెను. వాటము లేని కాలితోడనే ఆడవలెనను పోటీలు పెట్టెను. నగరపు లీగును నిలబెట్టెను. పోలీసుశాఖ ఇచ్చు ఉద్యోగము ఆటగానికి నెల తిరుగునప్పటికి అన్నము పెట్టుచుండెను. మెల్బోర్న్ జట్టులో బలరామన్, నూర్ మహమ్మద్, అజీజ్, అహ్మద్ హుస్సేన్ మున్నగు నగరపు బిడ్డలు అంతమంది నిలిచినది ఆ అమరిక వలననే. ఆటగాండ్రు బ్రతుకుతెరువునకు కలకత్తా క్లబ్బులకు తరలిపోవుచుండగా, ఉద్యోగముల దారి సన్నగిల్లుచుండగా, బడులకు మైదానములు కరవగుచుండగా పట్టించుకొన్న నాథుడు లేకపోయెను. ఆటకు క్షీణదశ అట్లు వచ్చినది. ఆ నేరమును రహీం సాబ్ మరణముపై మోపుట ఆయన చేసిన పనిని ఎరుగకపోవుటయే.

దీని కెదురుగా 2022 తుదిపోటీని చూడుడు. హైదరాబాదు పేరిట ఆట మొదలిడిన పదునొకండుగురిలో తెలుగు నేల బాలుడు ఒక్కడును లేడు. మణిపురము, సిక్కిము, బెంగాలు, మహారాష్ట్ర, గోవా, స్పెయిను, బ్రెజిలు, నైజీరియా, ఆస్ట్రేలియా ప్రాంతముల బిడ్డలు చక్కగా ఆడి మనకు కప్పునిచ్చిరి. వారికి మనము కృతజ్ఞులము. కాని ఊరితో వేరుసంబంధము లేని క్లబ్బు ఎన్నాళ్లు ఊరిలో నిలుచును? అది పుట్టినప్పుడే పుణె క్లబ్బు మూతపడగా ఆ స్థానమున లీగులో అడుగిడినది. పుణె అభిమానుల కన్నీరు ఆనాడు మనకు కానరాలేదు. 2025లో అదే తీరున మనలను విడిచి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు పెట్టుకొన్నది.

విదేశముల ఉదాహరణములు చూపువారును కలరు. రాత్రులు మేల్కొని చేతిఫోనులో ఇంగ్లండు లీగు చూచు మన యువకులు, 1986 నుండి నడపిన ఫెర్గూసన్ 2013లో వెడలిన పిదప మాంచెస్టర్ యునైటెడ్ కోలుకొనలేదు గదా యందురు. లివర్‌పూల్‌ను మరచితిరా? 2024లో దాని శిక్షకుడు క్లోప్ వెడలెను. మరుసటి సీజనులోనే క్రొత్తవాడైన ఆర్నె స్లాట్ ఇంగ్లండు లీగును గెలిచెను. ఫెర్గూసన్ వెనుక మాంచెస్టరునకు ఎందరు శిక్షకులు మారిరో వారి అభిమానులే చెప్పుదురు. అధిక వాటా గల యజమానులు మాత్రము మారలేదు.

మన మండలములలో ఈ సంగతి ఇంకను స్పష్టము. ఇచ్చట మేనేజరును కోచును సర్వమును బడి వ్యాయామోపాధ్యాయుడైన పీఈటీ సారే. సాయంకాలము బడి విడిచిన వెనుక నలుగురు పిల్లలను నిలిపి బంతి తన్నుట నేర్పు సారు ఉన్నన్నాళ్లు జిల్లా పోటీలకు జట్టు వెళ్లును. సారునకు బదిలీ అగును. ఆరు నెలలకు గోలుకంబములకు బట్టలారవేయుదురు. రాళ్ల నేలపై తోలు లేచిన బంతి గాలి పోయి బీరువా క్రింద పడియుండును. "సారు పోయిండు, ఆట బందైంది" అందురు. సారు పోవుట ఉద్యోగధర్మము. ఆయన వెనుక ఆ పోస్టు ఖాళీగా నుండుటయు, క్రొత్త బంతికి డబ్బు లేకపోవుటయు ఎవరి ధర్మము? కాలువ చివరి మడికి నీరందనినాడు నిజాంసాగర్ క్రింది రైతు నీరు వదలు లష్కరుపై కేకలు వేయుట కద్దు; కాని మంజీరపై ఎగువన సింగూరు కట్టిన తరువాత తన ప్రాజెక్టులో నీటిమట్టమేమో కూడ అతడు చూచును, దానికై ధర్నా చేయును. ఆ వివేకము ఆట విషయమున మనకేల లేకపోవలెను?

ఈ భ్రమ వలన లాభము పొందువాడొకడు కలడు, వాడు యజమాని. అభిమానులు శిక్షకుని పేరు పట్టుకొని వాదులాడుచున్నంత కాలము జీతముల లెక్క అడుగువాడుండడు. ఒక శిక్షకుని తొలగించి మరియొకని దింపినచో ఆశ చిగురించును; ఆ ఆశతో మరి ఆరు నెలలు గడచును; అంతలో క్లబ్బు అమ్ముడుపోవును. హైదరాబాదులో జరిగినది ఇదియే. పసుపుపచ్చ జెర్సీ తొడిగినవారిలో ఎందరో "కొత్త కోచ్ ఎవరు?" అని అడిగిరి, "పాత బాకీలు తీరినవా?" అని అడిగినవారు బహుస్వల్పము. ఆ స్వల్పమందియే సరియైన అభిమానులు.

అమరిక లేనిచోట ప్రతిభ ఎటు పోవునో చూడుడు. నిజామాబాదు నుండి వచ్చిన గుగులోతు సౌమ్య 2024–25 సంవత్సరమునకు భారతదేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎన్నికైనది. ఆమె ఆడిన క్లబ్బులలో కేరళ గోకులము, క్రొయేషియాలోని జాగ్రెబ్, కలకత్తా ఈస్ట్ బెంగాల్ కలవు. ప్రతిభకు మన ప్రాంతమున కొరత లేదు. దానిని ఇంటివద్ద నిలుపుకొను అమరికకే కొరత. కనుక కామారెడ్డి, ఎల్లారెడ్డి ఫుట్‌బాల్ ప్రియులారా, వెడలిపోయిన స్పెయిను దేశస్థునికై వగచినది చాలును. మీ బడిలో పీఈటీ పోస్టు ఖాళీగా నున్నచో, వచ్చు సోమవారము కలెక్టరేటు ప్రజావాణికి పది మంది కలిసి వెళ్లి అర్జీ పెట్టుడు; రసీదు తీసికొనుడు; జవాబు రాకున్న మరుసటి సోమవారము మరల వెళ్లుడు.