వెనక నుంచి గుద్దినా తప్పు ట్రాక్టర్‌దేనా?

గత యాసంగిలో, వడ్లు సెంటర్లకు పోతున్న రోజుల్లో, మన సంఘం సభ్యుడొకరి ట్రాక్టర్‌ను హైవే మీద ఒక కారు వెనక నుంచి గుద్దింది. సాయంత్రం ఐదున్నర, ఇంకా ఎండ ఉంది. ట్రాలీలో ఎనభై బస్తాలు. నడుపుతున్నది ఆయన కొడుకు. తండ్రి వెనకాలే బండి మీద వస్తున్నారు, కళ్ళ ముందే జరిగింది. ట్రాలీ వెనక డోరు లోపలికి పోయింది. బస్తాలు పగిలి వడ్లు రోడ్డు పాలయ్యాయి. పిల్లవాడు సీటు మీద నుంచి ఎగిరిపడి కుడి మణికట్టు విరిగింది. కారు నడిపినాయనకు నుదుటి మీద కుట్లు పడ్డాయి. ప్రాణాలు పోలేదు, అంతవరకు నయం.

మనవాళ్ళు ఆస్పత్రిలో ఉండగా కారు బంధువులు స్టేషన్‌లో ఉన్నారు. రాత్రి తొమ్మిదికల్లా ఎఫ్‌ఐఆర్ తయారైంది. ట్రాక్టర్ సిగ్నల్ ఇవ్వకుండా ఒక్కసారిగా కుడివైపు తిరిగిందని అందులో రాశారు. చేయి విరిగినవాడే నిందితుడు. దానికి తోడు ఒక చలానా: ట్రాలీకి రిఫ్లెక్టర్ లేదని, అపాయకరంగా నడిపారని. తండ్రి స్టేషన్‌కు పోతే మొదటి ప్రశ్న, "పెద్దాయనా, ట్రాక్టర్ హైవే మీదికి ఎందుకు తెచ్చినవ్?"

"వడ్లు ఎట్ల పోవాలె సార్ మరి?" అన్నారాయన. దానికి జవాబు రాలేదు.

కుడివైపు తిరిగిందంటున్నారు కదా, ఎటు తిరుగుతుంది? అక్కడ రోడ్డు మధ్యలో డివైడర్ ఉంది. దాటే సందు ఇంకా కిలోమీటరు పైన ముందుంది. పోలీసులు గీసిన స్కెచ్‌లోనే ట్రాక్టర్ ఎడమ తెల్ల గీతను ఆనుకుని ఉంది. బండి కుడికి తిరుగుతుండగా తగిలితే ట్రాలీ పక్క రేకు సొట్టపోవాలి. పోయింది వెనక డోరు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక కూడా అదే చెబుతోంది. కారు పడమటికి పోతోంది, ఎండ సూటిగా కళ్ళలో కొట్టే వేళ. ఇన్ని ఉండగా ఫిర్యాదులోని ఒక్క వాక్యం ఎట్లా గెలిచింది? మొదట స్టేషన్‌కు చేరింది అదే కాబట్టి.

ముందు పోయే బండి ఆగినా, నెమ్మదించినా తగలకుండా ఉండేంత దూరం పాటించడం వెనక బండి బాధ్యత. 2017 నాటి కేంద్ర డ్రైవింగ్ నిబంధనలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. అయితే వెనకవాడిదే ఎప్పుడూ తప్పని కూడా మేం అనం. కోయంబత్తూరు దగ్గర 2017లో జరిగిన ప్రమాదంలో, హైవే మీద సిగ్నల్ లేకుండా హఠాత్తుగా కారు ఆపిన డ్రైవర్‌దే సగం తప్పని సుప్రీంకోర్టు 2025 జులైలో తేల్చింది. వెనక నుంచి తగిలిన మోటార్‌సైకిల్ యువకుడిపై 20 శాతం, ఆ తర్వాత వచ్చిన బస్సుపై 30 శాతం వేసింది. అంటే తప్పును బండి రకం చూసి కాదు, జరిగింది చూసి పంచాలి. ఇక్కడ ఆ పనే జరగలేదు. ట్రాక్టర్ అనగానే తప్పు అక్కడే ఆగిపోయింది.

రిఫ్లెక్టర్ సంగతి దాచం. ఎడమవైపుది ఊడిపోయి ఉంది. దానికి జరిమానా కట్టమని మేమే చెప్పాం. కానీ పట్టపగటి వెలుగులో రిఫ్లెక్టర్ లేకపోవడం వల్ల కారు వచ్చి గుద్దిందా? నిబంధన తప్పడం ఒకటి, ప్రమాదానికి కారణం కావడం ఇంకొకటి. లైసెన్సు లేకుండా నడిపినంత మాత్రాన ప్రమాదం అతని నిర్లక్ష్యం వల్లే జరిగిందని అనలేమని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మన పిల్లవాడికి లైసెన్సు కూడా ఉంది. అది కారు లైసెన్సు, ట్రాక్టర్‌కు చెల్లదని స్టేషన్‌లో దబాయించారు. తేలికపాటి మోటారు వాహనం అన్న నిర్వచనంలో 7,500 కిలోల లోపు ట్రాక్టర్ చట్టంలోనే ఉంది. ఆ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న ఖాయం చేసింది. ఈ తీర్పు జిరాక్స్ ప్రతి ట్రాక్టర్ టూల్ బాక్సులో ఉండాలి.

అసలు పోరు మాకు పోలీసులతో కన్నా సలహాదారులతో ఎక్కువైంది. "ఒప్పుకోండి, వెయ్యో రెండు వేలో జరిమానా వేస్తారు, అయిపోతది" అని స్టేషన్ రైటర్ చెప్పాడంటే అర్థముంది, ఆయనకు ఒక ఫైలు తగ్గుతుంది. ఊళ్ళో పెద్దమనుషులూ అదే పాట. మన సంఘంలోనే ఇద్దరు ముగ్గురు "కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతరు" అన్నారు. వెయ్యి రూపాయలు కట్టి అమ్ముకునేది ఏమిటో వీళ్ళు చూడటం లేదు. నేరం ఒప్పుకున్న కాగితం రేపు నష్టపరిహార ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ వకీలు చేతిలో ఉంటుంది. తప్పు చేశానని నువ్వే ఒప్పుకున్నావు, విరిగిన చేయికి పరిహారం ఎందుకు అంటాడు. పైగా ఆ పిల్లవాడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. వెరిఫికేషన్‌కు వచ్చేదీ పోలీసులే.

అపాయకరంగా నడిపారన్న 184వ సెక్షన్, ఫోన్ వాడకం కేసు తప్ప, స్టేషన్‌లో డబ్బు కట్టి ముగించేది కాదు, కోర్టులోనే తేలాలి. ఎఫ్‌ఐఆర్‌లో పెట్టిన భారతీయ న్యాయ సంహిత 281 (పాత ఐపీసీ 279) కూడా అంతే. ఎఫ్‌ఐఆర్ అంటే ఆరోపణ, తీర్పు కాదు. నిందితుడికీ దాని కాపీ ఇవ్వాలి. సున్నితమైన కేసులు తప్ప 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. మన ఫిర్యాదు తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. మేం అదే చేశాం. ట్రాలీ డోరు, రోడ్డు మీది టైరు గుర్తులు, డివైడర్, అన్నీ ఆ సాయంత్రమే ఫోన్‌లో తీసిన ఫొటోలు తండ్రి దగ్గర ఉండబట్టి సరిపోయింది. ఆయన తీయకపోతే మా దగ్గర మాటలు తప్ప ఏమీ ఉండేవి కావు. నష్టపరిహారం దావాకు 2022 ఏప్రిల్‌లో ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. చేయి మానేదాకా ఆగుదాం అనుకుంటే గడువు ఆగదు.

ట్రాక్టర్ పందొమ్మిది రోజులు స్టేషన్ ఆవరణలో పడి ఉంది. సీజన్‌లో పందొమ్మిది రోజులు! కిరాయి ట్రాక్టర్‌కు పెట్టిన ఖర్చు చలానాకు ఎన్నో రెట్లు. పట్టుకున్న వాహనాలను స్టేషన్లలో కుళ్ళబెట్టవద్దని, బాండు తీసుకుని త్వరగా వదలాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పిటిషన్ వేశాకే బండి ఇంటికొచ్చింది.

ఇక ఆ రోడ్డు గురించి. అది మన చెలకల మీద నుంచే పోయింది. భూమి తీసుకునేటప్పుడు సర్వీస్ రోడ్డు వేస్తామన్నారు. మన ఊరి పక్కన అది అర కిలోమీటరు నడిచి ఆగిపోయింది. డివైడర్‌కు అటు పొలం, ఇటు ఇల్లు. చుట్టు తిరిగితే డీజిల్, తిరగకపోతే రాంగ్ రూట్ చలానా. రాంగ్ రూట్‌లో పోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, రోడ్డు మీద వడ్లు ఆరబోయడం కూడా. ఆ రెండూ మానుకోవాలని ఈ పత్రికలోనే ఎన్నోసార్లు రాశాం, మళ్ళీ రాస్తాం. కానీ కల్లాలు కట్టనివాళ్ళు, సర్వీస్ రోడ్డు పూర్తి చేయనివాళ్ళు ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ నిందితులుగా కనబడరు. సర్వీస్ రోడ్డు కోసం కలెక్టర్‌కు ఇచ్చిన అర్జీపై మూడు వందల మంది సంతకాలున్నాయి. రసీదు తప్ప ఇంకేమీ రాలేదు.

కేసు నడుస్తోంది. పిల్లవాడు నేరం ఒప్పుకోలేదు. రిఫ్లెక్టర్ జరిమానా కట్టి, రెండు వైపులా కొత్తవి వేయించాడు. ఆ రోజు రోడ్డు మీద వడ్లు ఎత్తడానికి సాయం పట్టిన ఇద్దరు హమాలీలు సాక్ష్యం చెబుతామని వాళ్ళంతట వాళ్ళే వచ్చి అన్నారు. వచ్చే వాయిదా రోజు పొద్దున పది గంటలకు సంఘం ఆఫీసు నుంచి బయలుదేరుతున్నాం. ఇట్లాంటి చలానాలు, ఎఫ్‌ఐఆర్‌లు ఇంట్లో పెట్టుకుని ఉన్నవాళ్ళు ఆ కాగితాలు తీసుకుని అప్పటికి రండి, వకీలుకు చూపిద్దాం.